పాఠం 9 : ఎస్. ఆర్. రంగనాథన్ – సమాచారానికి చిరునామా ఇచ్చిన గ్రంథపాలకుడు

9.0 పరిచయం

మీ ఇంట్లో రేషన్ కార్డు, పొలం పాసుపుస్తకం, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, కరెంటు బిల్లులు ఉంటాయి. వాటన్నిటినీ ఒకే సంచిలో కుక్కి అటక మీద పెట్టారనుకోండి. ఒక్క కాగితం కూడా పోలేదు. అయినా ఆఫీసులో అడిగిన రోజున కావలసిన కాగితం చేతికి రాదు. ఇంట్లో ఉండడం వేరు, అవసరానికి దొరకడం వేరు.

కంప్యూటరులో సమాచారాన్ని దాచేటప్పుడు కూడా ఇదే ఇబ్బంది వస్తుంది. ఒక పద్ధతి ప్రకారం అమర్చిన సమాచార భాండారాన్ని డేటాబేస్ అంటాం. రైలు టికెట్టు తీసుకోవడం, పరీక్ష ఫలితాలు చూడడం వంటి పనులను ఇంటర్నెట్ ద్వారా చేసిపెట్టే ఏర్పాటును వెబ్ అప్లికేషన్ అంటాం. దాన్ని తయారుచేయడానికి ముందే సిద్ధం చేసి ఉంచిన భాగాల సముదాయాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటాం. ఈ పని కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. సమాచారం అంతా ఒకే పట్టికలో రాస్తే ఏమవుతుంది? ఏ సంగతిని ఏ గడిలో పెట్టాలి? ఫ్రేమ్‌వర్క్ ఉండగా ఇదంతా మనం ఆలోచించడం ఎందుకు?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఒక మనిషి జీవితం మనకు ఉపయోగపడుతుంది. ఆయన కంప్యూటర్ ఇంజనీరు కాదు. వెబ్ పుట్టకముందే కన్నుమూశారు. కాని కొన్ని వేల పుస్తకాల మధ్య నిలబడి, అడిగినవారికి అడిగినది వెంటనే అందాలంటే సమాచారాన్ని ఎలా అమర్చాలి అని జీవితమంతా ఆలోచించారు. ఆయనే శియాళి రామామృత రంగనాథన్.

9.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:

• రంగనాథన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు;
• ఒక విషయాన్ని దాని ముఖాలుగా విడదీయడం అంటే ఏమిటో ఉదాహరణతో చెప్పగలుగుతారు;
• ఒక చిన్న గ్రంథాలయానికి కావలసిన పట్టికలను కాగితం మీద గీయగలుగుతారు;
• ఫ్రేమ్‌వర్క్ చేసే పనిని, మనం చేయవలసిన పనిని వేరుచేసి చూడగలుగుతారు.

9.2 బాల్యం, చదువు

రంగనాథన్ 1892 ఆగస్టులో మద్రాసు రాజధానిలోని తంజావూరు జిల్లా శియాళి గ్రామంలో జన్మించారు. ఇప్పుడు ఈ ఊరిని శీర్కాళి అంటారు. ఆయనకు ఆరేళ్ల వయసులోనే తండ్రి రామామృత అయ్యరు మరణించారు. సొంత ఊళ్లో హైస్కూలు చదువు ముగించుకొని రంగనాథన్ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. 1913లో బి.ఎ., 1916లో గణితశాస్త్రంలో ఎం.ఎ. పూర్తిచేశారు. అక్కడ ఎడ్వర్డ్ రాస్ అనే గణితాచార్యుడు ఆయనకు గురువు. ఆ గురుశిష్య బంధం కాలేజీతో ముగిసిపోలేదు. ఆ సంగతి ముందు ముందు చూస్తారు.

రంగనాథన్‌కు నత్తి ఉండేది. ఉపాధ్యాయుడు కావాలనుకునే వారికి ఇది చిన్న అడ్డంకి కాదు. పట్టుదలతో ఆయన దాన్ని అదుపులోకి తెచ్చుకున్నారు. సైదాపేటలోని ఉపాధ్యాయ కళాశాలలో శిక్షణ పొంది, 1917 నుంచి మంగళూరు, కోయంబత్తూరు ప్రభుత్వ కళాశాలల్లోనూ, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలోనూ గణితం బోధించారు. తరగతి గది ఆయనకు ఎంతో ఇష్టమైన చోటు.

9.3 ఇష్టం లేని ఉద్యోగం

1924 జనవరిలో రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి గ్రంథపాలకుడుగా నియమితులయ్యారు. అప్పటికి ఆయనకు గ్రంథాలయ నిర్వహణలో శిక్షణ లేదు. జీతం కొంత మెరుగు కావడంతో, మిత్రుల ప్రోత్సాహంతో దరఖాస్తు చేశారు.

ఉద్యోగంలో చేరిన కొద్ది రోజులకే ఆయనకు విసుగు పుట్టింది. నిన్నటిదాకా విద్యార్థులతో కళకళలాడే తరగతి. ఇప్పుడు పాఠకులు పెద్దగా రాని గదులు, పలకరించే మనిషి లేని పగళ్లు. తిరిగి తన పాత ఉద్యోగం ఇప్పించమని ఆయన ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లి అడిగారు. పెద్దలు ఒక మధ్యేమార్గం చెప్పారు. గ్రంథాలయ నిర్వహణలో శిక్షణ కోసం ఎలాగూ ఇంగ్లండు వెళ్లవలసి ఉంది కాబట్టి ముందు వెళ్లి రావాలి. తిరిగి వచ్చాక కూడా విసుగే మిగిలితే పాత ఉద్యోగంలోకి రావచ్చు. ఆ మాట మీద 1924 సెప్టెంబరులో రంగనాథన్ ఓడ ఎక్కారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆయనను విసిగించినది పుస్తకాలు కావు. పుస్తకాలు ఉండి కూడా ఎవరికీ చేరకపోవడం. తర్వాతి నలభై ఎనిమిదేళ్లు ఆయన చేసిన పని అంతా ఈ ఒక్క లోటు తీర్చడానికే.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.1

1. గ్రంథపాలకుడు కాకముందు రంగనాథన్ ఏ విషయం బోధించేవారు?
2. మద్రాసు విశ్వవిద్యాలయ ఉద్యోగం ఆయనకు మొదట్లో ఎందుకు నచ్చలేదు?

9.4 లండన్‌లో ఒక ఆటవస్తువు

లండన్‌లో రంగనాథన్ యూనివర్సిటీ కాలేజీలోని గ్రంథాలయ పాఠశాలలో చేరారు. బెర్విక్ సేయర్స్ అనే ప్రసిద్ధ గ్రంథపాలకుడు ఆయనకు వర్గీకరణ బోధించారు. చదువుతో పాటు రంగనాథన్ ఆ దేశంలోని నూరుకు పైగా గ్రంథాలయాలను తిరిగి చూశారు. అక్కడ పిల్లలు, కూలీలు, గృహిణులు కూడా గ్రంథాలయానికి వస్తున్నారు. ఊరి జీవితంలో గ్రంథాలయం ఒక భాగం. ఇది చూశాక ఆయన మనసు మారింది. గణితం చెప్పడం కంటే ఇది పెద్ద పని అనిపించింది.

అయితే ఒక సంగతి ఆయనకు తృప్తి కలిగించలేదు. అప్పట్లో ఎక్కువ వాడుకలో ఉన్నది అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణ. అందులో జ్ఞానాన్నంతటినీ పది తరగతులు చేసి, ప్రతి తరగతిని మళ్లీ పదేసి భాగాలు చేసుకుంటూ పోతారు. విషయాల జాబితా ముందే సిద్ధంగా ఉంటుంది. వచ్చిన పుస్తకాన్ని ఆ జాబితాలోని ఏదో ఒక అంకె కింద చేర్చాలి. కాని ఒకే పుస్తకం రెండు మూడు విషయాలను కలిపి చెబితే? జాబితా తయారైన తర్వాత కొత్త విషయం పుడితే? అప్పుడు పుస్తకాన్ని సరిపడని గదిలో ఇరికించవలసి వస్తుంది.

ఈ చిక్కు మనసులో ఉండగానే ఆయన ఒకరోజు లండన్‌లోని సెల్ఫ్రిజెస్ అనే పెద్ద దుకాణానికి వెళ్లారు. అక్కడ మెకానో అనే పిల్లల ఆటవస్తువును ప్రదర్శిస్తున్నారు. రంధ్రాలున్న లోహపు పట్టీలు, చక్రాలు, కడ్డీలు, మరలు, బిగింపులు. అంతే. అమ్మేవాడు అవే ముక్కలతో ఒకసారి ఒక బొమ్మ చేశాడు, వాటిని విప్పి మరోసారి వేరే బొమ్మ చేశాడు. ముక్కలు కొన్నే, బొమ్మలకు లెక్క లేదు.

రంగనాథన్‌కు దారి దొరికింది. పూర్తయిన విషయాల జాబితా రాయనక్కరలేదు. విషయాలు ఏ ముక్కలతో తయారవుతాయో ఆ ముక్కల జాబితాలు రాసి పెట్టుకుంటే చాలు. ఏ పుస్తకం వస్తే దానికి తగిన ముక్కలను అప్పటికప్పుడు బిగించవచ్చు. లోహపు పట్టీలను మర బిగించినట్లు, ఈ ముక్కలను బిగించడానికి ఆయన కోలన్ గుర్తును, అంటే నిలువుగా ఉండే రెండు చుక్కలను ఎంచుకున్నారు. 1925లో తిరుగు ప్రయాణంలో ఓడ మీదే ఈ పని మొదలుపెట్టారు. పాత ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు.

9.5 కోలన్ వర్గీకరణ

ఎనిమిదేళ్లు మద్రాసు గ్రంథాలయంలోని పుస్తకాల మీద పరీక్షించి, సవరించి, 1933లో ఆయన కోలన్ వర్గీకరణను గ్రంథరూపంలో ప్రచురించారు. అందులోని ఆలోచనను ఒక ఉదాహరణతో చూద్దాం.

గోదావరి జిల్లాల్లో 1960లలో వరి పంటకు వచ్చిన తెగుళ్ల నివారణ గురించి ఒక పుస్తకం ఉందనుకోండి. ఈ పుస్తకాన్ని వెతుక్కుంటూ నలుగురు వస్తారు. ఒకరికి వరి కావాలి. ఒకరికి తెగుళ్లు కావాలి. ఒకరు గోదావరి జిల్లాల చరిత్ర రాస్తున్నారు. మరొకరు 1960ల వ్యవసాయం చదువుతున్నారు. నలుగురికీ కావలసినది ఈ పుస్తకమే. ఒక్కొక్కరు ఒక్కో పక్క నుంచి వస్తున్నారు. విషయానికి ఉన్న ఈ పక్కలనే గ్రంథాలయ శాస్త్రంలో ముఖాలు అంటారు. పై పుస్తకానికి నాలుగు ముఖాలు: పంట, సమస్య, ప్రదేశం, కాలం.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. మీ జాబితాలో 20 పంటలు, 10 సమస్యలు, 30 జిల్లాలు, 10 దశాబ్దాలు ఉన్నాయనుకోండి. సాధ్యమైన ప్రతి విషయానికీ ముందే ఒక పేరు రాసి పెట్టాలంటే 20 × 10 × 30 × 10, అంటే 60,000 పేర్లు రాయాలి. ముఖాలను వేరువేరుగా రాసుకుంటే 20 + 10 + 30 + 10, అంటే 70 పేర్లు చాలు. ఈ 70 పేర్లతో ఆ 60,000 విషయాలనూ కూర్చుకోవచ్చు. రేపు కొత్త పంట ఒకటి వస్తే మొదటి పద్ధతిలో 3,000 పేర్లు చేర్చాలి. రెండో పద్ధతిలో ఒక్క పేరు చేరిస్తే సరిపోతుంది. గణితం చదివిన మనిషి గ్రంథాలయంలోకి తెచ్చినది ఈ లెక్కనే.

తర్వాతి కాలంలో రంగనాథన్ ఏ విషయానికైనా వర్తించే ఐదు మౌలిక అంశాలను గుర్తించారు. అవి: ప్రధాన వస్తువు, అది తయారైన పదార్థం, దాని మీద జరిగే క్రియ, ప్రదేశం, కాలం. ఒక్కో అంశానికి ఒక్కో విరామ చిహ్నం కేటాయించారు. అంకెను చూడగానే ఏది ప్రదేశమో, ఏది కాలమో తెలుస్తుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.2

1. మెకానో ఆటవస్తువు నుంచి రంగనాథన్ గ్రహించిన సూత్రం ఏమిటి?
2. పై లెక్కలో కొత్త జిల్లా ఒకటి ఏర్పడితే ఒక్కో పద్ధతిలో ఎన్ని పేర్లు చేర్చాలి?

9.6 ఐదు సూత్రాలు

వర్గీకరణ ఒక సాధనం మాత్రమే. ఆ సాధనం ఎవరి కోసం? ఈ ప్రశ్న రంగనాథన్‌ను వెంటాడింది. తాను రోజూ చేసే నూరు రకాల పనుల వెనుక కొద్దిపాటి మూలసూత్రాలు ఉండాలి అని ఆయన గణితజ్ఞుడి మనసు చెప్పింది. 1928లో ఈ ఆలోచనతో సతమతమవుతున్నప్పుడు పాత గురువు రాస్ మొదటి సూత్రానికి మాట అందించారు. మిగిలిన నాలుగు దాని నుంచి వరసగా వచ్చాయి. 1931లో అవి పుస్తకంగా వెలువడ్డాయి. ఆ సూత్రాల సారాంశం ఇది:

1. పుస్తకాన్ని సేకరించేది దాచడానికి కాదు, వాడుకలో ఉంచడానికి.
2. చదవదలచిన ఏ ఒక్కరికీ తగిన పుస్తకం లేదనిపించుకోకూడదు.
3. గ్రంథాలయంలోని ఏ పుస్తకమూ పాఠకుడు లేకుండా మిగలకూడదు.
4. పాఠకుడి సమయం వృథా కానివ్వకూడదు.
5. గ్రంథాలయం జీవి వంటిది, పెరుగుతూనే ఉంటుంది. దాన్ని దృష్టిలో ఉంచుకొనే ఏర్పాట్లు చేయాలి.

ఈ సూత్రాలను ఆయన గోడకు తగిలించే మాటలుగా మిగల్చలేదు. మద్రాసు గ్రంథాలయంలో పాఠకులు స్వయంగా అరల దగ్గరికి వెళ్లి పుస్తకాలు చూసుకునే ఏర్పాటు చేశారు. గ్రంథాలయం తెరిచి ఉండే వేళలు పెంచారు. పాఠకుడికి కావలసినది వెతికి పెట్టడానికి సిబ్బందిని నియమించారు. 1936లో గ్రంథాలయం సముద్ర తీరాన కొత్త భవనంలోకి మారింది. ఇరవై ఏళ్ల పాటు ఆయన సెలవు మాట తలపెట్టకుండా పనిచేశారు.

9.7 ఊరిదాకా పుస్తకం

రెండో సూత్రం విశ్వవిద్యాలయం గోడల మధ్య ఆగిపోయేది కాదు. 1928లో రంగనాథన్, ఆయన మిత్రులు మద్రాసు గ్రంథాలయ సంఘాన్ని స్థాపించారు. మరుసటి ఏడు గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు మొదలుపెట్టారు. 1931లో మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద పుస్తకాలు పెట్టుకొని పల్లెలకు తిరిగే గ్రంథాలయం ప్రారంభమైంది.

చందాలతో నడిచే గ్రంథాలయం చందాలు ఆగిన రోజున మూతపడుతుంది. అందుకే దానికి చట్టం అండ ఉండాలని రంగనాథన్ భావించారు. 1930లో బెనారస్‌లో జరిగిన అఖిల ఆసియా విద్యా సమావేశంలో ఒక నమూనా గ్రంథాలయ బిల్లును ప్రవేశపెట్టారు. అది ఫలించడానికి 18 ఏళ్లు పట్టింది. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో ఇటువంటి చట్టాల్లో ఇదే మొదటిది.

ఈ చట్టానికి తెలుగువారితో నేరుగా సంబంధం ఉంది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆ జిల్లాల్లో 1914 నుంచే అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి కృషితో గ్రంథాలయోద్యమం నడుస్తూ వచ్చింది. 1948 చట్టం ఆ జిల్లాలకూ వర్తించింది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వేరే చట్టం వచ్చింది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం రూపొందింది. మీరు ఇంటి పన్ను కట్టినప్పుడు దానితో పాటు గ్రంథాలయ పన్ను కూడా కట్టి ఉంటారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడవడానికి ఆ పైకమే ఆధారం. అంటే మీ ఊరి శాఖా గ్రంథాలయంలో కూర్చొని చదవడం మీకు ఎవరో చేసే ఉపకారం కాదు, మీ హక్కు.

9.8 బెనారస్ నుంచి బెంగళూరు దాకా

1945లో రంగనాథన్ బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ అమరిక లేకుండా పడి ఉన్న లక్ష పుస్తకాలను దాదాపు ఒంటి చేత్తో వర్గీకరించారు. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి మారి గ్రంథాలయ శాస్త్రం బోధించారు. 1955 నుంచి 1957 వరకు స్విట్జర్లాండులోని జూరిచ్‌లో ఉండి రచనలు చేశారు.

ఆ రోజుల్లోనే తన జీవితకాలపు పొదుపు లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద పేరుతో గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పదవిని ఏర్పాటు చేయించారు. 1957లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1962లో బెంగళూరులో భారతీయ గణాంక సంస్థ ఆధ్వర్యంలో సమాచార పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని ఆయన నెలకొల్పారు. 1965లో జాతీయ పరిశోధనాచార్యుడయ్యారు. 1972 సెప్టెంబరు 27న బెంగళూరులో మరణించారు. ఏటా ఆగస్టు 12న మన దేశంలో ఆయన జ్ఞాపకార్థం గ్రంథపాలకుల దినోత్సవం జరుపుతారు.

9.9 రంగనాథన్ పద్ధతిలో డేటాబేస్

రంగనాథన్ మరణానికి రెండేళ్ల ముందు, 1970లో, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ అనే గణితజ్ఞుడు డేటాబేస్‌ను పట్టికల రూపంలో అమర్చే సిద్ధాంతం ప్రకటించారు. ఇద్దరి దారులు వేరు. కాని ఇద్దరి పనిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది: సంగతులను విడదీసి దేని చోటులో దాన్ని రాయాలి, కలపడం అవసరం వచ్చినప్పుడు చేసుకోవాలి.

ఇప్పుడు మీరే ఒక చిన్న గ్రంథాలయానికి వెబ్ అప్లికేషన్ తయారుచేస్తున్నారనుకోండి. కొత్తవారు సాధారణంగా ఒకే పెద్ద పట్టిక గీస్తారు. అందులో పుస్తకం పేరు, రచయిత, తీసుకున్నవారి పేరు, చిరునామా, ఫోను నంబరు, తీసుకున్న తేదీ అన్నీ ఒకే వరుసలో రాస్తారు. సభ్యురాలు ఒకరు పది పుస్తకాలు తీసుకుంటే ఆమె చిరునామా పదిసార్లు రాయాలి. ఆమె ఇల్లు మారితే పది చోట్ల దిద్దాలి. తొమ్మిది చోట్ల దిద్ది ఒకచోట మరచిపోతే, రెండు చిరునామాల్లో ఏది నిజమో పట్టికే చెప్పలేదు. పైగా ఇంకా ఒక్క పుస్తకమైనా తీసుకోని సభ్యురాలిని ఈ పట్టికలో రాయడానికి చోటే లేదు.

కాబట్టి విడదీద్దాం.

• సభ్యుల పట్టిక: సభ్యత్వ సంఖ్య, పేరు, చిరునామా, ఫోను.
• గ్రంథాల పట్టిక: గ్రంథ సంఖ్య, పేరు, రచయిత, పంట లేదా ఇతర వస్తువు, సమస్య, ప్రదేశం, కాలం.
• ప్రతుల పట్టిక: ప్రతి సంఖ్య, గ్రంథ సంఖ్య.
• ఇచ్చిపుచ్చుకోళ్ల పట్టిక: ప్రతి సంఖ్య, సభ్యత్వ సంఖ్య, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ.

గ్రంథం, ప్రతి వేరువేరు పట్టికలు ఎందుకు? ఒకే పుస్తకానికి మూడు ప్రతులు ఉండవచ్చు. పేరు, రచయిత మూడింటికీ ఒకటే. కాని ఇంటికి తీసుకెళ్లేది ఒక ప్రతిని మాత్రమే. గ్రంథాలయాల్లో ప్రతి ప్రతికీ వేరే చేరిక సంఖ్య వేయడం అందుకే. సభ్యులను పేరుతో కాక సంఖ్యతో గుర్తించడానికీ ఇదే కారణం. ఒకే పేరుతో ఊళ్లో ఇద్దరు ఉండవచ్చు. ఒకే సంఖ్యతో ఇద్దరు ఉండకూడదు.

ఇక చిరునామా ఒకేచోట ఉంది. దిద్దితే ఒకేసారి దిద్దుతాం. వరి మీద ఉన్న పుస్తకాలు, గోదావరి జిల్లాల మీద ఉన్నవి, రెండూ కలిసినవి – ఏవి అడిగినా చూపవచ్చు. మీరు ఇంటర్నెట్‌లో చీర కొనేటప్పుడు రంగు, ధర, నేత అని పక్కన గుర్తులు పెట్టి జాబితాను తగ్గించుకుంటారు కదా! అది ముఖాలుగా విడదీసిన అమరికే. ఒక రచయిత బదులు ఇద్దరు కలిసి రాసిన పుస్తకం వస్తే పై పట్టికలు సరిపోవు. ఏం చేయాలో పాఠాంత ప్రశ్నలో మీరే ఆలోచిస్తారు.

మరి ఫ్రేమ్‌వర్క్ సంగతి? రైల్స్ 2004లోనూ, జాంగో 2005లోనూ, లారావెల్ 2011లోనూ వచ్చాయి. ఇవి మెకానో పెట్టెల వంటివి. సభ్యుడు లోపలికి వచ్చే ఏర్పాటు, నింపే ఫారాలు, ప్రతి పేజీకి చిరునామా, పేజీల నమూనాలు, డేటాబేస్‌తో మాట్లాడే భాగం – ఇవి అందులో సిద్ధంగా ఉంటాయి. ఎవరికి వారు మళ్లీ తయారుచేసుకోనక్కరలేదు. కాని మీ గ్రంథాలయంలో గ్రంథం వేరు, ప్రతి వేరు అన్న సంగతి ఆ పెట్టెకు తెలియదు. పాఠకులు ఏ పక్క నుంచి వెతుకుతారో తెలియదు. అది తెలిసినది మీకు మాత్రమే. అందుకే ముందు కాగితం మీద పట్టికలు గీయండి, తర్వాత ఫ్రేమ్‌వర్క్ తెరవండి.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.3

1. ఒకే సంగతిని పది చోట్ల రాయడం వల్ల వచ్చే నష్టం ఏమిటి?
2. ఫ్రేమ్‌వర్క్ మనకు చేసిపెట్టని పని ఏది?

9.10 పరిమితులు

రంగనాథన్ పద్ధతిని లోకమంతా స్వీకరించిందని అనుకోవద్దు. కోలన్ వర్గీకరణలో అంకెలు, అక్షరాలు, చిహ్నాలు కలిసి పొడవుగా తయారవుతాయి. పుస్తకం వెన్ను మీద రాయడం, సామాన్య పాఠకుడు గుర్తుపెట్టుకోవడం కష్టం. పైగా కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా ఆయన నియమాలు మార్చేవారు. అప్పటికే వేల పుస్తకాల మీద అంకెలు వేసుకున్న గ్రంథాలయాలకు అది మోయలేని భారం. మన దేశంలోనే చాలా గ్రంథాలయాలు డ్యూయీ పద్ధతిలో ఉండిపోయాయి.

ఇందులో డేటాబేస్ నేర్చుకునేవారికి హెచ్చరిక ఉంది. పట్టికల రూపం మొదటి రోజు మార్చడం తేలిక. లోపల వేల వరుసలు చేరిన తర్వాత మార్చాలంటే పాత సమాచారాన్నంతా కొత్త రూపంలోకి తరలించాలి. ఫ్రేమ్‌వర్కులు ఈ తరలింపులో సాయం చేస్తాయి. కష్టాన్ని పూర్తిగా తీసివేయవు. అయిదో సూత్రం చెప్పినట్లు పెరుగుదలకు చోటు ఉంచాలి.

అంకెల పద్ధతి వెనుకబడినా ఆలోచన ముందుకు సాగింది. 1952లో లండన్‌లో ఏర్పడిన వర్గీకరణ పరిశోధన బృందం ముఖాలుగా విడదీసే పద్ధతిని స్వీకరించి అభివృద్ధి చేసింది. గ్రంథాలయం దాటి సమాచారం ఉన్న ప్రతిచోటికీ ఆ ఆలోచన చేరింది.

9.11 మీరు నేర్చుకున్నది

• రంగనాథన్ (1892–1972) గణిత బోధన విడిచి గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేశారు.
• పూర్తి విషయాల జాబితా కాక, విషయాల ముఖాల జాబితా రాసుకోవడం కోలన్ వర్గీకరణ సారాంశం.
• ఒక సంగతిని ఒకేచోట రాయడం, ప్రతి వస్తువునూ ప్రత్యేక సంఖ్యతో గుర్తించడం మంచి డేటాబేస్‌కు మొదటి మెట్లు.
• ఫ్రేమ్‌వర్క్ భాగాలను ఇస్తుంది. ఏది ఎందుకు దాచాలో మనమే నిర్ణయించాలి.
• సమాచారాన్ని అమర్చే ముందు, దాన్ని వెతుక్కుంటూ వచ్చే మనిషిని తలచుకోవాలి.

9.12 పాఠాంత ప్రశ్నలు

1. రంగనాథన్ గ్రంథాలయ వృత్తిలోనే ఉండిపోవడానికి కారణమైన అనుభవాలను వివరించండి.
2. ఐదు సూత్రాల్లో మీ ఊరి గ్రంథాలయం దేన్ని బాగా పాటిస్తున్నది? దేన్ని పాటించడం లేదు? పది వాక్యాల్లో రాయండి.
3. ఇద్దరు ముగ్గురు రచయితలు కలిసి రాసిన పుస్తకాలకు చోటు ఉండేలా 9.9లోని పట్టికలను మార్చండి. (సూచన: రచయితలకు ఒక పట్టిక, ఏ గ్రంథాన్ని ఎవరు రాశారో చూపడానికి మరొక పట్టిక ఆలోచించండి.)
4. మీ వీధిలోని కిరాణా కొట్టు అప్పుల ఖాతా పుస్తకాన్ని గమనించండి. దాన్ని డేటాబేస్‌గా మార్చాలంటే ఎన్ని పట్టికలు కావాలి? ఎందుకు?

9.13 పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

9.1
1. గణితం.
2. తరగతి గదిలోని సందడి అక్కడ లేదు. పాఠకులు తక్కువగా వచ్చేవారు. పుస్తకాలు ఉన్నా ఎవరికీ చేరేవి కావు.

9.2
1. కొద్దిపాటి ముక్కలను రకరకాలుగా కలిపి ఎన్నో రూపాలు తయారుచేయవచ్చు.
2. మొదటి పద్ధతిలో 20 × 10 × 10, అంటే 2,000 పేర్లు; రెండో పద్ధతిలో 1 పేరు.

9.3
1. మార్పు వచ్చినప్పుడు అన్ని చోట్లా దిద్దాలి. ఒకచోట మరచిపోతే ఏది నిజమో తెలియదు.
2. ఏ సమాచారం కావాలి, దాన్ని ఎలా విడదీయాలి, పాఠకులు దేన్ని ఎలా వెతుకుతారు అని నిర్ణయించడం.